మూడంతస్తుల తాబేలు

అడవి నడిబొడ్డున ఉన్న మడుగులో ఇకమీదట ప్రతి ఇల్లూ సరిగ్గా మూడంతస్తులు ఉండాలని కొత్త రూలు వచ్చింది. లేనివాళ్లు మడుగు ఖాళీ చేయాలి. డిప్పే ఇల్లైన తాబేలు డిప్పయ్యకు గుండెల్లో రాయి పడింది. పుట్టి పెరిగిన మడుగాయె! బతిమాలి బామాలి బావమరుదులిద్దరినీ ఒకరిమీద ఒకరుగా వీపుకెక్కించుకున్నాడు.

కొలవడానికి కొంగ ఆఫీసరు వచ్చాడు. "అంతస్తులు సరే, పైన పిట్టగోడ ఏదయ్యా?"

"రూలులో పిట్టగోడ లేదు కదండీ!"

"పొద్దున్నే కలిపాం. ఉండు, చూస్తాను," అంటూ ఎగిరి, పై తాబేలు మీద ఒంటికాలిపై నిలబడ్డాడు.

అడుగునుంచి డిప్పయ్య మూలిగాడు. "అయ్యా, తమరితో నాలుగంతస్తులయ్యాయి. నాలుగోది అక్రమం. తమరే కూల్చుకుంటారా, నన్ను కదలమంటారా?"

తన రూలుకి తానే దొరికిన కొంగ గబుక్కున దిగి, అనుమతి రాసిచ్చాడు.

ఇప్పుడు చిక్కల్లా బావమరుదులతోనే. అనుమతి ఉన్న అంతస్తులట, దిగరట!