రాళ్లకూలీ కుడిచెయ్యి

దుప్రా గారికి పేదవాళ్లంటే ప్రాణం. ముఖ్యంగా పటం కట్టించిన పేదవాళ్లంటే.

ఆయన చదువుకునే గదిలో ఒక ఆక్వాటింట్ బొమ్మ ఉంది. రోడ్డు పక్కన రాళ్లు కొట్టే గాస్పార్‌ని ఎదురుగా నిలబెట్టుకుని, పారిస్ చిత్రకారుడొకాయన రాగి పలక మీద ఉన్నదున్నట్టు గీసి, ద్రావకంతో కొరికించి, కాగితం మీదికి అచ్చు దింపిన బొమ్మ. వంగిన నడుము, ఎత్తిన సుత్తి, వెనకాల రాళ్లబండి. ఇంటికొచ్చిన ప్రతి అతిథికీ దుప్రా దాన్ని చూపించి కళ్లు తుడుచుకుంటాడు. ఏడుపులో కూడా ఎంత క్రమశిక్షణో! సరిగ్గా సుత్తి దగ్గరకొచ్చేసరికి రుమాలు బయటికొస్తుంది.

"బండి మీద ఆ రాతేమిటండీ?" అని ఎవరైనా అడుగుతారు.

"బ్రెటన్ భాష, పడమటి తీరంవాళ్లది. మనకు అంతుపట్టదు. పాపం, పొట్టకూటి కోసం ఎంత దూరం నుంచి వచ్చిన బండో!"

అచ్చుబొమ్మల గుట్టు ఈయనకు తెలిసినట్టు ఊళ్లో ఇంకెవరికి తెలుసని అతిథులు తలలూపుతారు.

ఆ చలికాలం బొమ్మలోని గాస్పారే స్వయంగా వచ్చాడు, పేదల సహాయ సంఘానికి అర్జీ పట్టుకుని. సంఘానికి అధ్యక్షుడు దుప్రాయే.

"ఆరేళ్ల కిందట క్వారీలో బండ పడింది బాబూ. అప్పట్నుంచి కుడిచెయ్యి పైకి లేవదు. ఇన్నాళ్లూ ఎడమచేత్తోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు అదీ మొరాయిస్తోంది. వారానికి రెండు రొట్టెలు, కాసింత బొగ్గు ఇప్పిస్తే ముసలిదీ నేనూ ఈ చలి గట్టెక్కుతాం."

దుప్రా మీసాల్లో నవ్వుకున్నాడు. ఇంటి నుంచి బొమ్మ తెప్పించి బల్ల మీద పెట్టాడు. కింద చిత్రకారుడు పెన్సిలుతో వేసిన తారీఖు నిరుటిది.

"ఇదెవరోయ్?"

"నేనే బాబూ."

"సుత్తి ఏ చేత్తో ఎత్తావు?"

గాస్పార్ వంగి చూశాడు. బొమ్మలో కుడిచెయ్యి నిక్షేపంగా పైకి లేచి ఉంది.

"నేను ఎడమచేత్తోనే పట్టుకున్నాను బాబూ, ఒట్టు! రెండు రోజులు అలా నిలబెడితే రెక్క పడిపోయింది."

"అంటే బొమ్మ అబద్ధమాడుతోందా?"

"చెయ్యి లేవదు గానీ నోరు బాగానే లేస్తోందే!" అన్నాడు సంఘం సభ్యుడు, నోటరీ బుషే. మిగతా సభ్యులంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

గాస్పార్ ఒకసారి బొమ్మ వంక, ఒకసారి తన చేతుల వంక చూసుకున్నాడు. పాపం, చివరికి వాడికే అనుమానం వచ్చింది. అర్జీ కొట్టేశారు.

దుప్రా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దొంగను పట్టిచ్చిన బొమ్మ చదువుకునే గదిలో ఓ మూల ఉండటమేమిటి? భోజనాల గదిలో, నిలువుటద్దానికి ఎదురుగా ఉన్న గోడకు తగిలించాడు. ఆదివారం సంఘం సభ్యులందరికీ విందుకి కబురు పెట్టాడు.

ఆ ఆదివారం అద్దం ముందు మెడపట్టీ సర్దుకుంటున్న దుప్రా చెయ్యి ఠక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగి బొమ్మ చూశాడు. మళ్లీ అద్దం చూశాడు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. బయట గుర్రబ్బండి ఆగిన చప్పుడైంది.

"మెలానీ!"

పనిమనిషి పరిగెత్తుకొచ్చింది.

"ఈ అద్దం దింపించు. అటకెక్కించు. ఇప్పుడే!"

"అయ్యో, అమ్మగారి పుట్టింటి అద్దం కదండీ! పగిలిందా ఏమిటి?"

"చెప్పింది చెయ్యి!" అని కసిరి, దుప్రా నవ్వుముఖం తగిలించుకుని అతిథులకు ఎదురెళ్లాడు.

పగులెక్కడుందా అని మెలానీ తొంగిచూసేసరికి, అద్దంలో ఎదుటి బొమ్మలోని రాళ్లబండి మీది బ్రెటన్ రాత 'జిల్లా రోడ్ల పని' అని శుభ్రమైన ఫ్రెంచిలో కనిపించింది, దాని ముందు గాస్పార్ ఎడమచేత్తో సుత్తి ఎత్తి నిలబడి ఉన్నాడు.