తాబేలు మోసిన ఉత్తరం

జడ మూడోసారి వదులైపోయింది.

"ఉండమ్మా, కదలకు," అన్నాడు నాన్న, రిబ్బను పళ్ల మధ్య పట్టుకుని.

"నేను కదల్లేదు. నీ చేతులే కదుల్తున్నాయి."

ఎనిమిదేళ్లకే ఎనభై ఏళ్ల నోరు.

అతనికి నవ్వొచ్చింది. ఇలాంటి పొద్దుటి పూట కోసమే కదా ఇంత చేసింది!

వంతెనలు కట్టే కంపెనీలో పెద్ద ఇంజనీరు. తెల్లారకముందే వెళ్లి, పిల్ల నిద్రపోయాక వచ్చే ఉద్యోగం. తల్లిలేని పిల్ల తన మొహం కూడా మర్చిపోతుందేమోనని భయమేసి, ఆ కుర్చీ వదిలేసి చిన్న కుర్చీ అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులే ఆఫీసు. మిగతా రోజులు పిల్లతో గడపాలి, పిల్లల కథలు రాయాలి. చిన్నప్పటి కోరిక అది.

"బంగారంలాంటి పదవి వదులుకుని కాకమ్మ కథలు రాస్తావా?" అని తోటివాళ్లు నవ్వారు.

నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

తను ఇంట్లోనే ఉంటుంటే ఇక ఆయా ఎందుకని, కిందటి నెలలో ఆమెను పంపేశాడు.

ఆరేళ్లు పనిచేసిన మనిషి. అయినా అతనికి ఆమె గురించి ఏమీ తెలియదు. పొద్దున తలుపు వేసే మనిషి, రాత్రి తలుపు తీసే మనిషి. అంతే.

వెళ్లే రోజు కాస్త నసిగింది. "సార్, పాపకి పొద్దున్నే ఒక కథ..."

"కథలు రాసేవాణ్ణి నేనే కదమ్మా! నాకు నువ్వు చెప్పాలా?"

"అవును సార్," అంది ఆమె.

ఈ నెల రోజుల్లో అతను రాసినవి నాలుగు కథలు. నాలుగూ పిల్లకి చదివి వినిపించాడు. మొదటిదానికి ఆవులించింది. నాలుగోదానికి నిద్రపోయింది.

"నాన్నా, ఇవాళైనా చెప్పు. తాబేలు ఆ ఉత్తరం ఎవరికిచ్చింది?"

మళ్లీ తాబేలు! రోజూ ఇదే గోల. బళ్లో ఎక్కడో విన్న కథ కాబోలనుకుని ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాడు.

"రాజుగారికిచ్చింది."

"ఆ కథలో రాజెక్కడున్నాడు?" పిల్ల విసుక్కుంది. "నీ కథ నువ్వే మర్చిపోతే ఎలా?"

"నా కథేంటే?"

"నీదే కదా! నువ్వు పొద్దున్నే వెళ్తూ వెళ్తూ ఆయమ్మకి చెప్పి వెళ్లేవాడివిగా. 'మీ నాన్న నిద్దట్లో నిన్ను ముద్దు పెట్టుకుని, లేవగానే ఈ కథ చెప్పమన్నాడు' అనేది ఆయమ్మ."

దువ్వెన చేతిలో ఆగిపోయింది.

అతను ఏనాడూ ఆయాకి కథ చెప్పలేదు. నిద్రపోతున్న పిల్లను ముద్దు పెట్టుకున్న గుర్తు కూడా లేదు. బూట్లు ఎక్కడున్నాయని మాత్రం అడిగేవాడు.

"రోజూనా?"

"రోజూ! ఒక చెప్పు పారేసుకున్న జెర్రి, వానకి భయపడే గొడుగు... ఎన్ని చెప్పావో! నువ్వు కనపడకపోయినా నాకు ఏడుపొచ్చేది కాదు, తెలుసా? ఇప్పుడేమో రోజూ కనపడతావు, కథే ఉండదు."

నిజం చెప్పేయాలనుకున్నాడు. నోటిదాకా వచ్చింది.

పిల్ల వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. తననెవరూ ఎప్పుడూ అంత ప్రేమగా చూడలేదు.

"ఓ, ఆ తాబేలా!" అన్నాడు. "నువ్వు పాలు తాగుతుండు. గుర్తు తెచ్చుకుని వస్తా."

గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. ఆయాకి ఫోన్ చేశాడు. ఒక్క ముక్క పోకుండా రాసుకోవాలని, ఫోన్ స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచి, కాగితం ముందుకు లాక్కున్నాడు.

"సార్, పాప బాగుందా?"

మొదటి మాటే అది.

"బాగుంది. అమ్మా... ఆ కథలన్నీ నువ్వు అల్లినవేనా?"



"తప్పైతే ఏమీ అనుకోకండి సార్. మొదట్లో లేవగానే నాన్నేడని ఒకటే ఏడుపు. నేనంటే నాన్నకి ఇష్టం లేదా అని అడిగింది ఒకరోజు. నాకేమీ తోచలేదు. మీరు చెప్పమన్నారని ఒక కథ చెప్పా. ఊరుకుంది. ఇక రోజూ అంతే."

"నువ్వు మళ్లీ వచ్చెయ్యమ్మా."

"ఎలా సార్? ఇప్పుడు చేరిన ఇంట్లో ఇద్దరు పసివాళ్లు. మాటిచ్చేశా."

"పోనీ ఆ తాబేలు కథ చివర చెప్పు. నాదే అన్నట్టు చెప్పేస్తా."

"నాకూ తెలీదు సార్. ముందే అనుకుని చెప్పింది ఒక్కటీ లేదు. పాప లేచి కూర్చునేది. ఆ మొహం చూస్తే ఏ రోజుది ఆ రోజు నోటికొచ్చేది."

"ఏదో ఒకటి కల్పించమ్మా, నీకు పుణ్యముంటుంది! పిల్ల నన్ను నమ్ముతోంది."

అటునుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది.

"ఉంటా సార్."

ఫోన్ ఆగిపోయింది. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు.

తలెత్తేసరికి తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో పిల్ల. చేతిలో పాలగ్లాసు నిండుగా అలాగే ఉంది.

"అమ్మలూ..."

పిల్ల గ్లాసు బల్లమీద పెట్టింది. బయట బడి బస్సు హారన్ కొట్టింది. సంచీ భుజానికి తగిలించుకుంది.

"సాయంత్రం చెబుతానమ్మా. అంతా చెబుతా."

రోజూ కథ చెప్పిన తన నాన్నను కిందటి నెలలోనే ఇంట్లోంచి పంపేశారని అప్పుడే తెలిసిన ఆ పిల్ల, గడప దాటింది.