ఇరవై నాలుగోది

"మీ అమ్మాయికి ఒకటి తగ్గిందమ్మా," అన్నాడు కళ్లజోడాయన.

అంతే, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తగ్గిందని ఎవరితో అంటున్నాడు? మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ మొత్తం ఆమెను కాటా అక్క అని పిలుస్తుంది. పెట్టెకి ఇరవై నాలుగు సీసాలు. ఒక్కటి తగ్గినా పెట్టె ఎత్తి చూసి చెప్పేస్తుంది, మూత తీయక్కర్లేదు. పదహారేళ్లలో ఆమె సెక్షన్ నుంచి వెళ్లిన పెట్టె ఒక్కటి వెనక్కి రాలేదు.

ఆ సాయంత్రం హైస్కూల్లో తల్లిదండ్రుల సమావేశం. పిల్లలు ఆఖరి ఏడాదిలోకి వెళ్లేముందు ఎవరికెన్ని క్రెడిట్లు వచ్చాయో, పట్టా చేతికి రావాలంటే ఇంకెన్ని కావాలో సరిచూసుకోమని పిలిచారు. ఒక్కో సబ్జెక్టు పాసైతే ఒక క్రెడిట్. ఏడాదికి ఆరు, నాలుగేళ్లకు ఇరవై నాలుగు. తలుపు పక్కన చిన్న బల్ల వేసుకుని, కళ్లజోడుకి దారం కట్టుకున్న ఒక పెద్దమనిషి అందరి మార్కుల కాగితాలూ చూసిపెడుతున్నాడు.

ఆమె ఇంట్లోనే రెండుసార్లు లెక్కపెట్టుకుని వచ్చింది. మూడేళ్లకు పద్దెనిమిది. ఆయన పదిహేడే అన్నాడు.

"కెమిస్ట్రీ రెండుసార్లు ఉంది చూడండి. మార్కులు చాల్లేదని పాసైన సబ్జెక్టే మళ్లీ చదివింది మీ అమ్మాయి. ఎన్నిసార్లు పాసైనా క్రెడిట్ ఒకటే. వచ్చే ఏడాది ఆరు కాదు, ఏడు తీసుకోమనండి."

"రెండేళ్లు చదివింది. రెండుసార్లు పరీక్ష రాసింది. ఒకటెలా అవుతుంది?"

"నిజమేనమ్మా, కష్టం రెండుసార్లు పడింది. కానీ లెక్కకి..."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె సెక్షన్లోనే సీసాలకు మూతలు బిగించే మనిషి. మన కాటా అక్కకే లెక్క తప్పిందట అని పక్కావిడ చెవిలో వేసింది. వేసింది చెవిలోనే గానీ హాలంతా వినబడింది.

ఇక ఊరుకుంటుందా? చదువు మధ్యలో ఆగిపోయిన మనిషికి మిగిలిన గౌరవం ఆ లెక్క ఒక్కటే. నాకు లెక్కలు నేర్పేంత మొనగాడివా అని కాగితం ఆయన చేతిలోంచి లాక్కుంది. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. అనుంటే ఆమె కోపం అక్కడే చల్లారేదేమో. అనకపోవడం ఇంకా మండించింది.

మర్నాడే ఫిర్యాదు రాసింది. బల్ల దగ్గర కూర్చున్న మనిషి పదిమందిలో తల్లులను అవమానిస్తున్నాడని. మూతలు బిగించే మనిషి చేత కూడా సంతకం పెట్టించింది. నవ్వినందుకు ఆమాత్రం శిక్ష ఉండొద్దూ.

ఆ తర్వాత ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. గొంతు వినగానే పెట్టేసింది. కూతురి చేత చీటీ పంపితే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది.

"పోనీ ఆఫీసులో ఒకసారి అడుగుదామా అమ్మా?" అంది కూతురు.

"నీకు నేను ఎక్కువా, ఆ కళ్లజోడు ఎక్కువా?"

కూతురు వచ్చే ఏడాదికి ఆరే తీసుకుంది.

ఏడాది గిర్రున తిరిగింది. నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది, పట్టా చూపించి చేరడమే తరువాయి. ఆ వారమే పట్టాలు అందుకోబోయే వాళ్ల జాబితా బడి గోడకు అంటించారు. కూతురు పైనుంచి కిందికి చూసింది, కిందినుంచి పైకి చూసింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, ఇరవై మూడేనటమ్మా అని మాత్రం చెప్పింది. ఏడ్చి ఉంటే తల్లి తట్టుకునేది.

ఆమె తలకున్న ప్యాకింగ్ టోపీ తీయకుండానే స్కూలు ఆఫీసు మీదికి వెళ్లింది. సీటు వచ్చే ఏడాది దాకా ఆగదు, మీరంతా ఇక్కడ గాడిదలు కాస్తున్నారా, ముందే చెప్పాలని ఒక్కరికైనా తోచలేదా అని గుమాస్తా బల్ల మీద గుద్దింది.

గుమాస్తా పెద్దావిడ. ఇలాంటి గుద్దులు చాలా చూసినట్టుంది. నెమ్మదిగా కూతురి ఫైలు తెచ్చి తెరిచింది. లోపల ఒక చీటీ గుచ్చి ఉంది. "పదిహేడు. తల్లికి చెప్పాను. కోపంగా ఉన్నారు. మళ్లీ చెప్పాలి." దాని కింద మూడు ఫోన్ల తేదీలు. చీటీ వెనక ఆమె రాసిన ఫిర్యాదు.

కింద సంతకం తనదే. అయినా కోపం అంత తేలిగ్గా చస్తుందా.

"ఫోన్ పెట్టేస్తే వదిలేయడమేనా? జీతం తీసుకునే మనిషి ఇంటికొచ్చి చెప్పొచ్చుగా. పిలవండి ఆయన్ని."

"జీతమెక్కడిదమ్మా. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి ఊరికే చూసిపెట్టేవాడు. మీ ఫిర్యాదు చూసి ప్రిన్సిపాల్ ఇక రావద్దన్నారు. ఈ ఏడు ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు."

"ఊరికేనా? ఆయనకేం పట్టింది?"

గుమాస్తా ఫైలు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుంది.

"పదేళ్ల కిందట అక్కడ మా టీచరమ్మ ఒకావిడ కూర్చునేది. మీ అబ్బాయికి ఒకటి తగ్గిందని చెప్పినందుకు ఒక తండ్రి ఆవిడ మీద ఫిర్యాదు రాసి మాన్పించాడు. ఆ పిల్లాడికి పట్టా రాలేదు. మరుసటేడు ఖాళీగా ఉన్న ఆ బల్ల దగ్గరికి ఆ తండ్రే వచ్చి కూర్చున్నాడమ్మా."