కేసు వాపసు

అనసూయమ్మ బిందెతో రాగానే నల్లా దగ్గర మాటలు ఆగిపోయాయి.

"అంతా నీ వల్లనే," అంది జగదాంబ. "మా అత్తకు గుండెల నొప్పంటే డాక్టరు సారు ముట్టనే లేదు. స్కానింగ్ చేయించుకొస్తెనే చూస్తడంట. గన్ని పైసలు మాకాడ ఏడున్నయి?"

"అక్కా, నేను..."

"నువ్వేం చెప్పకు. పో."

ఫిల్మ్‌నగర్ కొండ కింద ఆ బస్తీకంతా డాక్టర్ సుబ్రహ్మణ్యమే దిక్కు. ఒకప్పుడు నాడి చూసి, పొట్ట నొక్కి, మాత్రలిచ్చి పంపేవాడు. ఇప్పుడు ఆయన నర్సింగ్‌హోమ్ ముందు హైటెక్ సిటీ ఉద్యోగుల కార్లు ఆగుతున్నాయి. వాళ్ళకు కంపెనీల ఇన్సూరెన్స్ ఉంది. నర్సింగ్‌హోమ్‌కు పై అంతస్తు లేచింది. కొత్త స్కానింగ్ మిషను వచ్చింది.

అనసూయమ్మ భర్త బాలనర్సయ్య షూటింగుల్లో లైట్లు మోసేవాడు. ఎండాకాలంలో జ్వరమని ఆ నర్సింగ్‌హోమ్‌కు తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళాడు. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే ఒళ్ళంతా కొట్టుకుని ప్రాణం పోయింది.

డాక్టరు మారిపోయింది ఆ తర్వాతే.

"ఏం చేయమంటారండీ? బాలనర్సయ్య భార్య నన్ను కోర్టుకు లాగింది," అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. "రేపు మీరు లాగరని నమ్మకమేంటి? టెస్టులన్నీ చేయించుకు రండి. అప్పుడే చెయ్యి వేస్తాను."

స్కానింగ్‌కు అప్పు పుట్టేలోపే జగదాంబ అత్త చనిపోయింది. చూడబోయిన అనసూయమ్మను గుమ్మంలోనే ఆపేశారు. జూబ్లీహిల్స్‌లో ఆమె వంట చేసే ఇంటివాళ్ళకు డాక్టరు బాగా కావలసినవాడు. వాళ్ళూ పనికి రావద్దన్నారు.

అంతలో కూతురు మనోజకు జ్వరం పట్టుకుంది. మూసిన కన్ను తెరవడం లేదు. అనసూయమ్మ నర్సింగ్‌హోమ్‌కు పరుగెత్తింది. కాంపౌండర్ గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు.

"కేసు నడుస్తుంటే సార్ నీతో మాట్లాడరు. వాపసు తీసుకున్నట్టు కోర్టు కాగితం తీసుకురా. అప్పుడు చూద్దాం."

పిల్లను ఎత్తుకుని యూసుఫ్‌గూడ వెళ్ళింది. బాలనర్సయ్య పేరు వినగానే అక్కడి డాక్టరు చేతిలోని స్టెతస్కోప్ బల్ల మీద పెట్టేశాడు. "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమ్మా," అన్నాడు. పెద్దాసుపత్రిలో మంచాలు ఖాళీ లేవన్నారు.

ఇంటి ఓనరు వీరయ్యకు జాలేసింది.

"పంతం ఇడువు చెల్లే. పోయినోడు ఎట్లా రాడు. ఉన్న పిల్లను బతికించుకో. పిల్లను నా పెండ్లాం చూస్తది, ఫికర్ చెయ్యకు. నువ్వు కోర్టుకు పోయి వాపస్ తీస్కో."

అనసూయమ్మ వినియోగదారుల కోర్టుకు వెళ్ళి, వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న లాయర్ ఓంప్రకాష్ ముందు నిలబడింది. జరిగిందంతా విన్నాక ఆయన తల పట్టుకున్నాడు.

"తప్పు డాక్టర్‌దే అనిపిస్తుంది. గెలిచే కేసమ్మా ఇది. ఒకసారి వాపస్ తీసుకుంటే మళ్ళా వెయ్యరాదు. మంచిగ ఆలోచించుకున్నవా?"

"ఆలోచించుకున్న సారూ. బిడ్డ పానం పోతుంది. జల్ది కాగితం ఇప్పియ్యుండ్రి."

ఓంప్రకాష్ నిట్టూర్చి పెన్ను తీశాడు.

"సరే, నీ కేసు నంబర్ చెప్పు."

అనసూయమ్మ రెండు చేతులూ జోడించింది.

"నంబర్ ఏడికెల్లి వస్తది సారూ, నేను ఎన్నడూ కేసు వెయ్యనే లేదు, ముందుగాల ఒకటి వెయ్యుండ్రి, గిప్పుడే వాపస్ తీసుకుంట."