ఇంకా తేల్చుకోని ఓటు

పార్టీల్లేని వార్డు ఎన్నికలో నళిని ఓడిపోయింది. అయినా ఓటేసినవాళ్ళకు తన నోటితో కృతజ్ఞతలు చెప్పాలని నడుచుకుంటూ బయలుదేరింది. అంతకుముందు ఆ వీధుల్లో ఆమె కాలు పెట్టనేలేదు. ప్రచారమంతా ఆమె ఛాయే చేసింది. ఈ కాలపు అభ్యర్థులందరికీ అచ్చం వాళ్ళలాగే మాట్లాడే కంప్యూటర్ ఛాయలున్నాయి. అవి ప్రతి ఇంటి తలుపుకున్న తెరమీదా కనిపించి ఓటడుగుతాయి. ఇస్తామన్న ఇంటికి మళ్ళీ వెళ్ళవు. ఎటూ తేల్చని ఇంటికి మాత్రం రోజూ వెళతాయి.

పేరిందేవి వాకిట్లో కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తోంది. నళినిని చూసి గబుక్కున లేచింది.

"అమ్మో, నిజంగా మీరేనా! రండి, కూచోండి."

"మీ ఓటుకి దండం పెట్టి పోదామని వచ్చానండీ."

పేరిందేవి తల వంచుకుంది. "నాకు దండమెందుకండీ? అవతలాయనకేశాను."

నళిని జోడించబోయిన చేతులు దించేసింది.

"కోప్పడకండి. రోజూ మధ్యాహ్నం మీ బొమ్మొచ్చి నా కష్టసుఖాలన్నీ వినేది. ఓటిస్తానంటే రావడం మానేస్తుందని, ఇంకా ఆలోచిస్తున్నాననే చెప్పేదాన్ని. మీరు గెలిచేస్తే ఇంక మా గుమ్మంలోకెందుకొస్తారు? ఓడితే మళ్ళీ నిలబడతారు కదా అనుకున్నా."

నళినికి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళు చెమ్మగిల్లాయి. తను రావాలని ఇంతగా కోరుకున్న మనిషి వార్డు మొత్తంలో ఇంకొకరు లేరు. కొంగు నడుముకి దోపి, పీట లాక్కుని, తనూ ఒక గుడ్డ అందుకుంది.

"వచ్చే ఎన్నికక్కూడా ఇంకా తేల్చుకోలేదనే అనండి పిన్నిగారూ," అంది ముక్క తుడుస్తూ. "రేపట్నించే అడగడానికొస్తా."