సాక్షి సంతకం

"నీ కళ్లతో చూశావుగా! పెట్టు సంతకం" అంటూ పీఏ కాగితం ముందుకు తోశాడు.

కాడీ కలమైతే పట్టుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ గోల్ఫ్ క్లబ్బులో కాడీగా, ఆటగాళ్ల కర్రల సంచి మోస్తున్నాడు. ఎవరు ఎన్ని దెబ్బల్లో బంతిని గుంటలో వేశారో, ఒకటి ఎక్కువ చెప్పలేదు, ఒకటి తక్కువ చెప్పలేదు.

ఆ ఉదయం, దేశాన్నేలే పెద్దాయన కొట్టిన బంతి మిట్ట దాటి వచ్చి, గుంటకు జానెడు దూరంలో ఆగింది. గుంట దగ్గర కాడీ తప్ప ఎవరూ లేరని చూసుకుని, ఆయన పీఏ బూటు మొనతో లోపలికి నెట్టేశాడు. పెద్దాయన మిట్టెక్కి వచ్చేసరికి బంతి గుంటలో ఉంది. నిండు సభలో కునుకు తీసే మనిషి, గోల్ఫంటే ప్రాణం పెట్టే మనిషి, చిన్నపిల్లాడిలా గెంతి కాడీని కౌగిలించుకున్నాడు. ఒక్క దెబ్బకే బంతి గుంటలో పడాలని ముప్పై ఏళ్లుగా ఆశపడుతున్నాడట.

ఆ కౌగిలే ఇప్పుడు కాడీని నిలవనీయడం లేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. మళ్లీ బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఎందుకలా నాన్చుతావ్? బయట పేపరోళ్లు కాచుకునున్నారు. బంతి మీద సార్ సంతకం, కింద నీ సాక్ష్యం. రెండూ అద్దాల పెట్టెలో పెట్టి గోడకి బిగించాలి."

"తమరూ అక్కడే ఉన్నారుగా సార్, తమరే పెట్టండి."

"నేను ఆయన మనిషిని. నేను పెడితే ఎవడు నమ్ముతాడు? రేపట్నుంచి ఈ గేటు లోపలికి రావాలనుందా, లేదా?"

కాడీ కాగితం మీదికి వంగాడు. కలం కాగితానికి ఆనించాడు.

తలుపు తెరుచుకుంది. పెద్దాయన! చేతిలో బంతి. దాని మీది సంతకం ఆరడానికి నోటితో ఊదుకుంటూ వచ్చాడు.

"పెట్టే ముందు ఒక్కమాట చెప్పు. బంతి దానంతటదే పడిందా?"

"అదేం మాట సార్!" అన్నాడు పీఏ.

"నిన్నడగలేదు."

కాడీ పీఏ వంక చూశాడు. తర్వాత పెద్దాయన కళ్లలోకి చూశాడు. కలం బల్లమీద పెట్టేశాడు.

"లేదయ్యా. జానెడు దూరంలో ఆగిపోయింది. ఈ పీఏ సారే కాలితో తోశారు."

పెద్దాయన అరవలేదు. బెంచీ మీద కూలబడ్డాడు. బొటనవేలితో బంతి మీది సంతకాన్ని అలికేశాడు.

చివరికి తలెత్తి పీఏని అడిగాడు:

"మరి పోయిన ఎన్నికల్లో... నేను నిజంగానే గెలిచానా?"