మిగిల్చిన ముల్లంగి

"అమ్మా, ఈవిడ ముల్లంగి ముక్క వదిలేశారు. పులుపెక్కువైందేమో, కాస్త అడిగి చెప్పండి."

పెద్దాయన ఎంగిలి గిన్నె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. మిగిలిన ముక్కని వేలితో నొక్కి చూస్తున్నాడు.

కౌముది చుట్టూ చూసింది. ఆ చిన్న హోటల్లో ఎనిమిది స్టూళ్ళలో ఆరింటి మీద జనం ఉన్నారు.

"అవన్నీ మీకెందుకండీ? గిన్నెలు తీసుకెళ్ళండి."

"అడగండమ్మా. ఒక్క మాటేగా."

"ఏమంటున్నారు?" పక్కన కూర్చున్న హయాషి జపనీస్‌లో అడిగింది.

"ఏం లేదు. గిన్నెలు తియ్యమంటారా అని."

హయాషి లేచి పెద్దాయనకు తల వంచింది. ఆయనా తల వంచి, గిన్నెలు పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

హయాషి యూనివర్సిటీలో ఏడాదిపాటు జపనీస్ చెప్పడానికి వచ్చింది. కౌముది అక్కడే గెస్ట్ లెక్చరర్. జపాన్ టీచర్ ఉంటేనే కోర్సు నడుస్తుంది. కోర్సు నడిస్తేనే కౌముదికి ఉద్యోగం.

గెస్ట్‌హౌస్ భోజనం పడక మూడు వారాల్లో హయాషి ఐదు కిలోలు తగ్గింది. ఉండేదీ వెళ్ళేదీ నెలాఖరుకి చెబుతానని హెడ్‌కి చెప్పింది.

కౌముది ఊరంతా వెతికింది. జూబ్లీహిల్స్‌లో రెండు చోట్ల జపాన్ భోజనం దొరికింది. వెళ్ళి రావడానికి మూడు గంటలు. లంచ్ బ్రేక్ గంట. ఇంకో హోటల్లో అన్నం మీద మయొనీజ్ పోసి తెచ్చారు. హయాషి ఫొటో తీసుకుని ప్లేటు పక్కకి జరిపింది.

చివరికి సాత్విక్ అనే స్టూడెంట్ చెప్పాడు.

"మేడం, తార్నాకలో జిరాక్స్ షాపు పక్కన ఒకటున్నది. చిన్నది. మీరు నవ్వొద్దు, ఒకసారి పోయి చూడండి."

అక్కడ రోజుకి ఒకటే భోజనం. అన్నం, కాల్చిన చేప, సోయా సూప్, ఊరబెట్టిన ముల్లంగి. మొదటి రోజు హయాషి మెతుకు మిగల్చలేదు. తర్వాత మూడు రోజులూ అంతే. ఈ ఐదో రోజే ముల్లంగి ముక్క ఒకటి మిగిల్చింది.

బిల్లు కౌంటర్‌లో ప్రేమ్ కుమార్ అనే అతను ఉన్నాడు.

"మీ ముసలాయన ఎంగిలి కెలుకుతున్నాడు. చూస్తున్నారా?" కౌముది అడిగింది.

"గాయన గంతే మేడం. చెప్తే ఇనడు."

"ఆ చేత్తోనే వంటింట్లోకి వెళ్తున్నాడు. మా ఇంట్లో అయితే అంట్లు తోమే మనిషి పొయ్యి దగ్గరికి రాదు. ఓనర్ మీరు, మీరు చెప్పకపోతే ఎవరు చెబుతారు?"

ప్రేమ్ కుమార్ ఏదో అనబోయాడు. ఫోన్ మోగింది. పార్సిల్ ఆర్డర్ రాసుకోవడంలో పడ్డాడు.

ఆ సాయంత్రం కౌముది క్యాంపస్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గ్రూపులో నాలుగు వందల మంది ఉన్నారు.

'తార్నాక జిరాక్స్ షాపు పక్క జపాన్ హోటల్లో భోజనం బాగుంది. కానీ గిన్నెలు కడిగే ముసలాయన ఎంగిలిలో వేళ్ళు పెడుతున్నాడు. అవే చేతులతో వంటింట్లో తిరుగుతున్నాడు. తినేవాళ్ళు చూసుకోండి.'

కింద మధ్యాహ్నం తీసిన ఫొటో. పెద్దాయన, చేతిలో గిన్నె.

ఓనర్ చూసి ఆయన్ని మాన్పిస్తాడని ఆమె అనుకుంది.

మర్నాటి నుంచి కౌముదికి పరీక్షల డ్యూటీ. పది రోజులు హయాషి ఒక్కతే తార్నాక వెళ్ళి వచ్చింది.

"ఈ రోజు ముల్లంగి కూడా తినేశాను. పులుపు తగ్గింది," అని ఒకరోజు చెప్పింది.

"మంచిది," అంది కౌముది. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం హయాషి ఫోన్ చేసింది.

"షాపు ఖాళీ చేస్తున్నారు. నాకు మాటలు అర్థం కావడం లేదు. రాగలరా?"

కౌముది ఆటోలో వెళ్ళింది. బోర్డు దింపేశారు. ప్రేమ్ కుమార్ స్టూళ్ళు ట్రాలీలోకి ఎక్కిస్తున్నాడు. హయాషి మెట్టు మీద నిలబడి ఉంది.

"ఏమైంది?" కౌముది అడిగింది.

"ఏమయితది మేడం? మీ గ్రూపుల ఫొటో వచ్చినంక ఎవరొస్తరు? సోమవారం నలుగురు. నిన్న ఈ మేడం ఒక్కతే."

"నేను రాసింది ఆ ముసలాయన గురించి. మీ షాపు గురించి కాదు. ఆయనేడీ?"

"సామ్యేలు సారు పొద్దుగాల నర్సాపురం బండెక్కిండు. ఇగ రాడు."

"మరింకేం? ఆయన వెళ్ళిపోయాడని గ్రూపులో నేనే పెడతాను. జనం వస్తారు. సామాన్లు దింపండి."

"దింపి?"

"రేపట్నుంచి వండండి. ఈవిడకి వేరే చోటు లేదు."

హయాషి ఇద్దరి ముఖాలూ చూసింది. "రేపు తెరుస్తారా?" అని కౌముదిని అడిగింది.

"తెరుస్తారు. ఒక్క నిమిషం." కౌముది ప్రేమ్ కుమార్ వైపు తిరిగింది. "రేపు తెరుస్తారుగా?"

ప్రేమ్ కుమార్ చేతిలో ఉన్న స్టూలు కింద పెట్టాడు.

"నాకు చాయ్ పెట్టుడు గూడ రాదు మేడం. ముప్పై ఏండ్లు జపాన్ ఓడల మీద వండింది సామ్యేలు సారు. ఆళ్ళ మాట రాకపాయె, ఎవరేం మిగిల్చిన్రో తనే చూస్కోని తెల్లారి వంట సరిజేసెటోడు. షాపు గూడ ఆయనదే, నేను జీతానికున్నోణ్ణి."